గోడ మీది పోస్టర్లు: అంటించిన కుర్రాణ్ని వదిలి, అంటించమన్నవాణ్ని పట్టుకోండి

కార్యదర్శి గారూ, నమస్కారం. మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. మీ కాలనీ హైదరాబాద్‌లో కొత్తపేట వైపు. మెయిన్ రోడ్డు పక్కన పార్కు ప్రహరీ, బస్ షెల్టరు, కరెంటు స్తంభాలు, మెట్రో పిల్లర్లు ఉన్నాయి. వాటన్నిటి మీదా హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, 'ఇంటి నుంచే పని', అప్పులిస్తామనేవాళ్లు, రోగాలు నయం చేస్తామనేవాళ్లు. సంఘం డబ్బుతో గీకించి రంగు వేయిస్తే వారం తిరక్కుండా గోడ మళ్లీ నిండింది. మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే 'చూస్తాం' అన్నారు. ఇప్పుడు సభ్యుల్లో కొందరు సీసీ కెమెరాలు పెడదామంటున్నారు, ఇంకొందరు పోస్టరు మీది నంబరుకి ఫోన్ చేసి ఐదు వేలు జరిమానా వసూలు చేద్దామంటున్నారు. గోడ శుభ్రం చేసే పద్ధతి కూడా అడిగారు.

నేను పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఉద్యోగంలో చాలా ఏళ్లు ప్రకటనల అనుమతులు, ఫ్లెక్సీలు, పోస్టర్ల గొడవల్లోనే గడిచాయి. కెమెరా విషయం ముందే తేల్చేస్తాను: దానికి డబ్బు పెట్టకండి. రాత్రి రెండింటికి మూతికి రుమాలు కట్టుకున్న మనిషి, చేతిలో బకెట్టు, అంతకుమించి అందులో ఏమీ కనబడదు. మీకు కావలసిన ఆధారం గోడ మీదే ఉంది. పోస్టరు వేయించినవాడు తన సంస్థ పేరు, ఏ సందులో ఉందో, ఏ మెట్రో స్టేషన్‌కి దగ్గరో, ఫోన్ నంబరుతో సహా అచ్చు వేయించి మరీ ఇచ్చాడు. చాలామంది ఆ ఆధారాన్నే ముందు గీకి పారేసి, తర్వాత ఫిర్యాదు చేస్తారు. ఈ వరస మార్చుకుంటే సగం పని అయినట్టే.

ఈ పని ఎలా నడుస్తుందో తెలిస్తే దాన్ని ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. హాస్టల్ ఓనరు ప్రింటర్‌కి వెయ్యి పోస్టర్లు చెప్తాడు. అంటించేవాళ్లను కూడా చాలాసార్లు ప్రింటరే మాట్లాడిపెడతాడు. వందకి ఇంత అని కూలి. అర్ధరాత్రి దాటాక బండి మీద ఇద్దరు బయల్దేరతారు. ఒకడి దగ్గర పోస్టర్ల కట్ట, ఇంకొకడి దగ్గర ఉడికించిన మైదా జిగురు, బ్రష్షు. పురుగు పట్టకుండా ఆ జిగురులో కాస్త మైలుతుత్తం కలిపేవాళ్లూ ఉన్నారు, అందుకే చింపిన పోస్టర్లు పశువులకి అందేచోట కుప్పగా పడేయకూడదు. తెల్లారేలోపు కట్ట ఖాళీ కావాలి. కాబట్టి వాళ్లు గోడను వెతుక్కుంటూ తిరగరు. నునుపుగా ఉండాలి, వీధి దీపం వెలుతురు పడాలి, జనం ఆగే చోటై ఉండాలి. వీటన్నిటికంటే ముఖ్యం, అక్కడ అప్పటికే పోస్టరు ఉండాలి. పోస్టరున్న గోడని ఎవరూ పట్టించుకోరని వాళ్లకి అనుభవం మీద తెలుసు.

మీరు గీకించినా ఎందుకు నిలవలేదో ఇందులోనే ఉంది. నెలకోసారి పెద్ద ఎత్తున శుభ్రం చేస్తే, మధ్యలో ఉన్న రోజులన్నీ హాస్టల్ వాళ్లకి ఉచిత ప్రచారమే. పోస్టరు బతికిన మొదటి కొద్ది రోజుల్లోనే వాళ్లకి కాల్స్ వస్తాయి. అదే పొద్దున్న ఎనిమిదింటికల్లా తీసేస్తే ఒక్క కాలూ రాదు, అచ్చు ఖర్చు, కూలి ఖర్చు దండగ. మూడు నాలుగు వారాలు రోజూ పొద్దున్నే ఒక మనిషి అరగంట తిరిగితే చాలు. ఒకేసారి పదిమంది కలిసి ఆదివారం శ్రమదానం చేసి ఫోటో దిగడం కంటే ఇది మేలు. పొద్దున్నే పార్కుకి వచ్చే పెద్దవాళ్లకి ఈ పని అప్పగించండి, వాళ్లు మానకుండా చేస్తారు.

తీసే ముందు ఫోటోలు. ఒకటి దూరం నుంచి, పక్కన పార్కు గేటో, పిల్లరు నంబరో, బస్ స్టాపు పేరో కనబడేలా. ఇంకొకటి దగ్గర్నుంచి, పేరూ నంబరూ చదవగలిగేలా. తేదీ, సమయం, చోటు ఫోటో మీదే పడే కెమెరా యాప్‌లు ఫోన్లలో దొరుకుతాయి, అది వాడండి. ఒక పుస్తకంలోనో ఎక్సెల్ షీట్‌లోనో నంబరు వారీగా రాసుకోండి: ఫలానా నంబరు, ఏ సంస్థ, ఏ తేదీన ఎన్ని చోట్ల. నెల తిరిగేసరికి మీకు ఒక సంగతి కనబడుతుంది. గోడంతా వందల పోస్టర్లున్నట్టు కనిపించినా, వాటి వెనకున్న నంబర్లు చాలా తక్కువ. అవీ చాలావరకు మీ కాలనీకి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న హాస్టళ్లవి, ట్యుటోరియల్స్‌వి.

అలా తేలినవాళ్ల దగ్గరికి సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకుని ఇద్దరు వెళ్లండి. ఫోన్ కంటే మనిషి వెళ్తే మర్యాద ఉంటుంది. 'మీ పోస్టర్లు మా పార్కు గోడ మీద ఫలానా తేదీల్లో ఉన్నాయి, ఫోటోలివిగో, వారంలోగా మీరే తీయించండి, మళ్లీ వేయించకండి, లేకపోతే ఇవే ఫోటోలతో మున్సిపాలిటీకీ పోలీసులకీ రాస్తాం' అని. నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. నా అనుభవంలో స్థానిక వ్యాపారుల్లో ఎక్కువమంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు. వాళ్లకి ఇరుగుపొరుగుతో పేచీ అక్కర్లేదు. ఫోన్ ఎత్తేది రిసెప్షన్‌లో జీతానికి పనిచేసే అమ్మాయి అయ్యుండొచ్చు, ఆమె మీద అరిచి ప్రయోజనం లేదు. ఓనరు పేరు కనుక్కోండి.

జరిమానా వసూలు చేద్దామన్న మాట మాత్రం ఇక్కడితో ఆపేయండి. జరిమానా వేసే అధికారం కాలనీ సంఘానికి లేదు. 'ఐదు వేలు కట్టు, లేకపోతే కేసు పెడతాం' అని మీరు ఫోన్‌లో అన్న మాట అవతలివాడు రికార్డు చేస్తే, బెదిరించి డబ్బు అడిగారని భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద మీ మీదే ఫిర్యాదు ఇవ్వగలడు. 'పార్కు అభివృద్ధి నిధికి విరాళం' అని పేరు మార్చినా అంతే. అలాగే నంబర్లను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి అందరిచేతా ఫోన్లు చేయించి విసిగించడం కూడా వద్దు.

ఇక చట్టం. జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) చట్టం 1955 నాటిది. అందులో 421వ సెక్షన్ ప్రకటనల నియంత్రణ గురించి. మున్సిపల్ అనుమతి లేకుండా ప్రకటన పెట్టడం కుదరదని అర్జీలో రాయడానికి మీకు ఆధారం అదే. దానికి తోడు 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహిరంగ ప్రదేశాల్ని వికృతం చేయడాన్నీ, అశ్లీల, అభ్యంతరకర పోస్టర్లనీ నిషేధిస్తూ ప్రత్యేక చట్టం వచ్చింది. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదులో ఈ చట్టం పేరు రాయండి. చాలాచోట్ల డ్యూటీలో ఉన్నవాళ్లకి ఇది వెంటనే గుర్తుకు రాదు. మెట్రో పిల్లర్లూ స్టేషన్లూ వేరే లెక్క: 2002 నాటి మెట్రో రైల్వేల చట్టంలో 62వ సెక్షన్ అనుమతి లేకుండా పోస్టర్లు అంటించడాన్ని నేరంగా చూస్తుంది. పిల్లర్ల ఫిర్యాదు మున్సిపాలిటీకి ఇస్తే అది టేబుల్స్ మారుతూ తిరుగుతుంది, నేరుగా మెట్రో వాళ్లకే ఇవ్వండి.

హైదరాబాద్‌లో ఇదేమీ కొత్త పోరాటం కాదు. జీహెచ్‌ఎంసీ విజిలెన్స్ విభాగం కొన్నేళ్లు ఫ్లెక్సీలకీ పోస్టర్లకీ ఈ-చలానాలు వేసింది. ట్విట్టర్‌లో జనం పెట్టిన ఫోటోలు చూసి కూడా వేసింది. అధికార పార్టీ నాయకులకి కూడా పడ్డాయి. 2024లో ఆ విభాగం విపత్తు స్పందన, ఆస్తుల రక్షణ చూసే హైడ్రాగా మారింది. అదే ఏడాది అప్పటి జీహెచ్‌ఎంసీ కమిషనర్ ఆమ్రపాలి కాట, సినిమా పోస్టర్లతో సహా గోడ పోస్టర్లనీ గోడ మీది పెయింటింగ్‌లనీ కట్టడి చేయమని కింది అధికారులకి సర్క్యులర్ ఇచ్చారు. అంటే నియమాలకి లోటు లేదు. చలానా వేయడం దగ్గర కాదు, వసూలు దగ్గర ఆగుతుంది. పోస్టరు మీద ఉన్నది సంస్థ పేరు, సందు గుర్తు, సెల్ నంబరు; ఓనరు పేరూ ఇంటి నంబరూ ఉండవు. నోటీసు ఎవరి పేరున, ఏ చిరునామాకి పంపాలో తెలియక ఫైలు అటకెక్కుతుంది. ఒక మున్సిపల్ సర్కిల్లో ఉండే నలుగురైదుగురు సిబ్బంది ప్రతి నంబరు వెంటా పరిగెత్తలేరు. మీ సంఘం చేయగలిగిన అసలు సాయం ఇదే. ఓనరు పేరు, ఇంటి నంబరుతో సహా చిరునామా, బోర్డు కనబడే భవనం ఫోటో, పోస్టర్ల ఫోటోలు, మీరిచ్చిన ఉత్తరం నకలు, ఇన్నీ కలిపి ఒక్కో సంస్థకి ఒక్కో అర్జీ ఇవ్వండి. 'మా కాలనీలో పోస్టర్లు ఎక్కువయ్యాయి' అని ఒకే అర్జీ ఇస్తే దాని మీద ఎవరూ ఏమీ చేయలేరు. 'ఫలానా హాస్టల్, ఫలానా చిరునామా, ఫలానా తేదీల్లో పదిహేడు చోట్ల' అని ఇస్తే ఆ అధికారి సంతకం పెట్టాల్సిందే.

అర్జీ డిప్యూటీ కమిషనర్ పేరున రాయండి, ఒక నకలు ఆ సర్కిల్ ఆరోగ్య విభాగంలో అసిస్టెంట్ మెడికల్ ఆఫీసరుకి ఇవ్వండి. ఆయనకెందుకంటారా? ట్రేడ్ లైసెన్సులు చూసేది ఆ విభాగం. హాస్టలైనా, కోచింగ్ సెంటరైనా ఏటా ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్‌కి రావాలి. ఐదు వేల చలానాని వ్యాపార ఖర్చులో వేసుకునే మనిషి కూడా లైసెన్స్ దగ్గర నోటీసు ఉందంటే పరిగెత్తుకొస్తాడు. ఫోన్ ఫిర్యాదు 040-21111111కి చేసినా, మై జీహెచ్‌ఎంసీ యాప్‌లో పెట్టినా మంచిదే, ఫిర్యాదు నంబరు దాచుకోండి. కానీ కాగితం అర్జీ మాత్రం మానకండి, సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు సోమవారాల్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ, 1100 నంబరుకీ ఇవ్వొచ్చు. మున్సిపాలిటీ కదలని చిన్న ఊళ్లలో ఇంకో దారి ఉంది: భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీఓ లాంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి బహిరంగ స్థలంలోని అడ్డంకి, ఇబ్బంది తొలగించమని దరఖాస్తు. పాత సీఆర్‌పీసీలో ఇది 133.

లాభం దగ్గర పట్టుకోవడం గురించి ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, ఢిల్లీలో జరిగింది చూశాం. గోడలు పాడుచేయడం మీద అక్కడి చట్టం 2007 నాటిది. ఎవరి లాభం కోసం గోడ పాడైందో వాళ్లనీ, తమకి తెలియకుండా జరిగిందని రుజువు చేసుకోకపోతే, నేరస్థులుగానే చూస్తుంది. ఏడాది వరకు జైలు, 50 వేల వరకు జరిమానా అని కాగితం మీద ఉంది. అయినా విద్యార్థి సంఘం ఎన్నికలప్పుడు విశ్వవిద్యాలయం చుట్టూ గోడలు పోస్టర్లతో నిండిపోయేవి. 2024 సెప్టెంబరు ఎన్నికల్లో ఢిల్లీ హైకోర్టు ఒకే ఒక్క పని చేసింది. గోడలు శుభ్రమయ్యేదాకా ఓట్ల లెక్కింపు ఆపేయమంది. సెప్టెంబరు 27న పోలింగ్ జరిగితే నవంబరు 25న గానీ ఫలితాలు రాలేదు. ఈలోగా గోడలు కడిగించింది, రంగులు వేయించింది అభ్యర్థులే. జైలు, జరిమానా అన్న మాటలు చేయలేని పని, కావలసింది చేతికి రాకుండా ఆపడం చేసింది. మన దగ్గర ట్రేడ్ లైసెన్స్ ఆ పని చేయగలదని నా గట్టి నమ్మకం.

అన్ని పోస్టర్లకీ ఒకే మందు పనికిరాదు. 'ఇంటి నుంచే పని, నెలకి నలభై వేలు', 'ఆధార్ ఉంటే చాలు లోన్' అనేవాటికి ఫోన్ చేయకండి, ఉత్తరం రాయడానికి అక్కడ చిరునామా కూడా ఉండదు. వాటిని పోలీసులకివ్వండి, ఎవరైనా అప్పటికే డబ్బు పోగొట్టుకుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయించండి. మధుమేహం, క్యాన్సర్, లైంగిక బలహీనత నయం చేస్తామనే పోస్టర్ల మీద 1954 నాటి కేంద్ర చట్టం ఒకటుంది, మందుల ప్రకటనల మీద. ఆ ఫోటోలు ఔషధ నియంత్రణ శాఖకి పంపండి. ఇవి గోడ అందం గొడవ మాత్రమే కాదు. ఆ పోస్టరు చూసి షుగర్ మాత్రలు మానేసినవాళ్లు మనలో ఉంటారు. శ్రద్ధాంజలి పోస్టరు అయితే పెద్దకర్మ అయ్యేదాకా ముట్టుకోకండి. ఆ తర్వాత ఇంటివాళ్లకి ఒక మాట చెప్పి తీయండి, ఎవరూ కాదనరు.

రాజకీయ పోస్టర్లూ ఫ్లెక్సీలూ మీ చేత్తో చింపవద్దు. అది ఫలానా పార్టీ మీద కక్ష అని మారిపోతుంది, మీ సంఘం చీలిపోతుంది. పుట్టినరోజులూ పండగలూ వచ్చే వారం ముందే అన్ని పార్టీల స్థానిక నాయకులకీ ఒకేలా రాసిన ఉత్తరం ఇవ్వండి, ఎవరినీ వదలకుండా. తర్వాత తీయాల్సిందీ తీయించాల్సిందీ మున్సిపాలిటీ. ఫ్లెక్సీ విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. 2019 సెప్టెంబరులో చెన్నైలో రోడ్డు మధ్య డివైడరు మీద కట్టిన అక్రమ బ్యానరు స్కూటరు మీద వెళ్తున్న 23 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని మీద పడింది, ఆమె కింద పడగానే వెనక వచ్చిన ట్యాంకరు తొక్కేసింది. మలుపు దగ్గర, సిగ్నల్‌కి అడ్డంగా, డివైడరు మీద ఫ్లెక్సీ కనబడితే అదే రోజు ఫిర్యాదు వెళ్లాలి. ఎన్నికల షెడ్యూలు వచ్చిందంటే పని సులువు. ప్రభుత్వ కార్యాలయాల మీదివి 24 గంటల్లో, బస్టాండ్లు, వంతెనలు, స్తంభాల లాంటి బహిరంగ ఆస్తుల మీదివి 48 గంటల్లో, అనుమతి లేకుండా ప్రైవేటు గోడల మీద ఉన్నవి 72 గంటల్లో తీయాలి. ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్‌లో ఫోటో పెడితే వంద నిమిషాల్లో స్పందించే ఏర్పాటు ఉంది. ఎన్నికల పోస్టరు మీద ప్రింటరు, ప్రచురణకర్త పేర్లూ చిరునామాలూ ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ చెప్తుంది, లేకపోతే ఆరు నెలల వరకు జైలు. పోస్టరు అడుగున చిన్న అక్షరాలు వెతకండి.

ఆంధ్రప్రదేశ్ నుంచి చదివేవాళ్లు ఫ్లెక్సీ నిషేధం గురించి అడుగుతారు. 2022 ఆగస్టులో విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. నవంబరు 1 నుంచి అన్నారు, ప్రింటర్లు గడువు కావాలంటే 2023 జనవరి 26కి జరిపారు. అప్పు చేసి యంత్రాలు కొన్న కుటుంబాలున్నప్పుడు ఆ గడువు అడగడం న్యాయమే. కానీ వస్తువుని నిషేధించినంత మాత్రాన గోడకి కావలి దొరకదు. గుడ్డ బ్యానరైనా అనుమతి లేకుండా కడితే అక్రమమే.

శుభ్రం చేయడం గురించి అడిగారు కాబట్టి. మైదా జిగురు నీళ్లకి లొంగుతుంది. గోరువెచ్చటి నీళ్లలో కాస్త సర్ఫ్ కలిపి పోస్టరు బాగా తడిపి, పది పదిహేను నిమిషాలు ఆగి, రంగుల పనివాళ్లు వాడే పుట్టీ బ్లేడుతో గీకండి. ఎండెక్కితే జిగురు బిగుసుకుంటుంది, రంగు కూడా ఊడొస్తుంది. వినైల్ స్టిక్కరు అయితే హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి మూల నుంచి లాగాలి, మిగిలిన జిగురుని కిరోసిన్ గుడ్డతో తుడవాలి. యాసిడ్ వద్దు. కరెంటు స్తంభాల దగ్గర, ఫ్యూజు బాక్సుల దగ్గర నీళ్లు చల్లకండి, నిచ్చెన వేయకండి, అది విద్యుత్ సంస్థ సిబ్బందే చేయాలి. పాత రాతి గోడలు, గచ్చు గోడలు ఉంటే ఇనుప బ్రష్ తగలనివ్వకండి. పోస్టర్ల పొరల మీదే రంగు వేయించడం వల్ల మీ డబ్బు పోయిందని నా అనుమానం. ఈసారి గోడ పూర్తిగా గీకించి, రోడ్డు వైపు గరుకు ప్లాస్టరింగ్ చేయించండి. గరుకు గోడ మీద కాగితం పూర్తిగా అతుక్కోదు, అంచులు లేస్తాయి, అంటించేవాడు పక్క గోడకి పోతాడు. బొమ్మలు వేయించడం కూడా మంచి ఆలోచనే. ఖైరతాబాద్ దగ్గర ఎంఎస్ మక్తాలో ఇళ్ల గోడలన్నీ బొమ్మలతో నిండి ఆ బస్తీకే పేరొచ్చింది. కానీ అక్కడ గోడ వెనక మనుషులున్నారు, తమ గోడ అనుకున్నారు. ఎవరూ కాపలా లేని ఫ్లైఓవరు కింద బొమ్మ మీదా పోస్టరు పడుతుంది.

ఇంకొక్కటి, దీన్ని చిన్నదిగా తీసిపారేయకండి. టు-లెట్ కాగితం అంటించే ముసలాయనకీ, తప్పిపోయిన పిల్లాడి ఫోటో పట్టుకు తిరిగే తల్లికీ, వంట పని వెతుక్కునే మనిషికీ ఒక చోటు కావాలి. పత్రికలో ప్రకటన వాళ్లకి అందదు, యాప్ అందరికీ రాదు. 19వ శతాబ్దపు బెర్లిన్‌లోనూ ఇదే గొడవ. ఎర్నెస్ట్ లిట్‌ఫాస్ అనే ప్రింటరు పోలీసు అధికారి అనుమతి తీసుకుని 1855లో వీధుల్లో వంద గుండ్రటి స్తంభాలు నిలబెట్టాడు, పోస్టర్లు వాటి మీదే అంటించాలని. అలాంటివి ఇప్పటికీ జర్మనీ వీధుల్లో ఉన్నాయి. మీరు పార్కు గేటు పక్కన ఒక బోర్డు పెట్టండి. చిన్న కాగితాలకే చోటు, మీద తేదీ వేసి పదిహేను రోజులకి తీసేయాలి, వ్యాపార ప్రకటనలు వద్దు, డబ్బు తీసుకోవద్దు. పార్కు గోడ మున్సిపాలిటీది కాబట్టి బోర్డుకి ముందు రాతపూర్వక అనుమతి తీసుకోండి, లేకపోతే అదీ అక్రమమే అవుతుంది.

అంటించే కుర్రాళ్లు ఎప్పుడైనా దొరికితే చేయి చేసుకోనివ్వకండి. రాత్రంతా తిరిగి కూలి తెచ్చుకునే పిల్లలు వాళ్లు. కూర్చోబెట్టి ఎవరు పంపారో, ఏ ప్రెస్సో అడగండి, చెప్తారు. ఆ ప్రెస్సు పేరు మీ షీట్‌లో రాసుకోండి, తర్వాతి ఉత్తరం ప్రింటర్‌కి వెళ్లాలి.

అర్జీలిచ్చిన నెలన్నరకీ కదలిక లేకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. మూడే ప్రశ్నలు: గత ఏడాది మీ సర్కిల్లో అక్రమ పోస్టర్లకి ఎన్ని చలానాలు వేశారు, ఎంత వసూలైంది, మీ అర్జీల మీద ఏ తేదీన ఏ అధికారి ఏ చర్య తీసుకున్నారు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు ఆ కార్యాలయంలోనే పై అధికారికి. వచ్చిన జవాబు, మీ నంబర్ల షీటు నాకు చూపించండి, వాటిని బట్టి తర్వాతి అర్జీ ఎవరి పేరున రాయాలో చెప్తాను.